సినిమా వైద్యం: మీ ప్రశ్నలు, మా జవాబులు

తెర మీద చూసే అత్యవసర వైద్యంలో ఏది నమ్మొచ్చో, ఏది నమ్మకూడదో అడగమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో ప్రాణం మీదికి తెచ్చే అపోహలున్న వాటిని ముందు తీసుకున్నాం. అత్యవసర విభాగాల్లో పనిచేసే వైద్యులు, నర్సులు కలిసి ఈ జవాబులు రాశారు.

సీరియళ్లలో మానిటర్ మీద గీత తిన్నగా అయిపోగానే డాక్టర్ షాక్ ఇస్తాడు, పేషెంట్ ఎగిరిపడి కళ్లు తెరుస్తాడు. నిజంగా అలా బతుకుతారా? ఛాతీ నొక్కడం మాలాంటి వాళ్లం చేయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

తిన్నటి గీతకు షాక్ ఇవ్వరు. ఆ గీత ఉందంటే గుండెలో విద్యుత్తు పూర్తిగా ఆగిపోయిందని అర్థం. షాక్ పనిచేసేది గుండె కొట్టుకోవడం మాని గజగజా వణుకుతున్నప్పుడు. దాన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు మానిటర్ మీద కనిపించేది పిచ్చి గీతలే, తిన్నటి గీత కాదు. షాక్ ఆ వణుకును ఒక్కసారి ఆపుతుంది, ఆ తర్వాత గుండె తన లయను తానే అందుకోవాలి. గీత తిన్నగా ఉంటే చేసేది ఛాతీ నొక్కడం, మూడు నుంచి అయిదు నిమిషాలకోసారి ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్ (గుండెను ప్రేరేపించే మందు) ఎక్కించడం. చూడ్డానికి ఇందులో ఏమీ ఉండదు కాబట్టి కెమెరా షాక్‌నే ఎంచుకుంటుంది.

బతకడం సంగతికొస్తే, 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక అధ్యయనం ప్రచురించింది. అమెరికా టీవీ కార్యక్రమాలు మూడింటిలో చూపించిన సీపీఆర్ (ఛాతీ నొక్కి, ఊపిరి ఊది ఆగిన గుండెను నిలబెట్టే ప్రయత్నం) సన్నివేశాలను లెక్కగట్టారు. తెర మీద నూటికి 75 మంది అప్పటికప్పుడు బతికారు. అదే అమెరికాలో ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో ఇంటికి తిరిగి వెళ్లేది సుమారు నూటికి పది మంది. ఇది తెలియక చాలా కుటుంబాలు "డాక్టర్లు సరిగా చేయలేదు" అని కుమిలిపోతుంటాయి. అందుకే చెబుతున్నాం.

ఇక రెండో ప్రశ్న. మీరు చేయొచ్చు, చేయాలి కూడా. తెర మీద చూసి మాత్రం నేర్చుకోకండి. నటుడు మోచేతులు వంచి మెత్తగా తడుతున్నట్టు నొక్కుతాడు, ఎందుకంటే కింద పడుకున్నది బతికున్న మనిషి. నిజంగా నొక్కితే ఆయన పక్కటెముకలు విరుగుతాయి. అసలు పద్ధతి ఇదీ:

మనిషిని మంచం మీంచి దించి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పరుపు మీద నొక్కితే పరుపే దిగుతుంది, ఛాతీ దిగదు. రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ (మణికట్టు పక్కనుండే గట్టి భాగం) ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేయండి. మోచేతులు బిగించి, భుజాలు సరిగ్గా చేతుల మీదికి వచ్చేలా వంగి, ఒంటి బరువుతో అయిదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి, లేకపోతే గుండెలోకి మళ్లీ రక్తం నిండదు. రెండు నిమిషాలకే చేతులు నీరసిస్తాయి, మీకు తెలియకుండానే లోతు తగ్గుతుంది. పక్కన ఇంకొకరుంటే అప్పుడే మారాలి. ఎముక టక్కుమన్నా ఆపొద్దు.

తెర మీద కనిపించనిది ఇంకొకటుంది. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు గురకలాగా, చేప నోరు తెరిచినట్టు ఆగి ఆగి ఎగశ్వాస తీస్తారు. సినిమాలో చనిపోయే మనిషి తల వాల్చేసి కదలకుండా పోతాడు కాబట్టి, ఇది చూసినవాళ్లు "ఊపిరి ఉంది" అని ఆగిపోతారు. ఎన్నో ప్రాణాలు పోయేది ఇక్కడే. పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి నొక్కడం మొదలుపెట్టండి. విమానాశ్రయాల్లాంటి చోట ఏఈడీ (గుండె లయను తానే చూసి షాక్ ఇచ్చే చిన్న యంత్రం) పెట్టె ఉంటే తెప్పించండి. మూత తీస్తే ఏం చేయాలో అదే చెబుతుంది, షాక్ అవసరం లేని గుండెకు అది షాక్ ఇవ్వదు. వణికే గుండెకు షాక్ అందడం ఒక్కో నిమిషం ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుంది. ఛాతీ నొక్కుతూ ఉంటే ఆ పడిపోవడం నెమ్మదిస్తుంది.

మా నాన్నగారికి కడుపు పైభాగంలో మంట, చెమటలు. గ్యాస్ అనుకుని రాత్రంతా సోడా తాగించాం. తెల్లారి గుండెపోటు అన్నారు. ఛాతీ పట్టుకుని పడిపోలేదే!
– గృహిణి, కరీంనగర్

మీ తప్పేమీ లేదమ్మా, అందరం చూసిన గుండెపోటు అదే: చెడువార్త వినడం, ఎడమ చేత్తో గుండె పట్టుకోవడం, కూలిపోవడం. నిజానికి గుండెపోటు వచ్చిన మనిషి తరచుగా కూర్చునే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు ఉంటుంది. అది దవడకో, భుజానికో, వీపుకో, పొట్ట పైభాగానికో పాకొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో ఆయాసం, వాంతి, ఒళ్లంతా చల్లటి చెమట, విపరీతమైన నీరసం మాత్రమే ఉండి నొప్పి అసలు లేకపోవచ్చు కూడా.

బొడ్డుకు పైన ఎక్కడైనా కొత్తగా వచ్చిన ఇబ్బంది పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే, తోడుగా చెమట ఉంటే, గ్యాస్ అని మీరు తేల్చుకోవద్దు. ఈసీజీ తేలుస్తుంది. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో అది తీయాలి. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా నొప్పి ఉంటే మళ్లీ తీయమని అడగండి. ఆస్పిరిన్ పడకపోవడం, రక్తస్రావం, కడుపులో పుండు లాంటివి లేని మనిషైతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగాలి. మనిషిని నడిపించొద్దు, మెట్లు ఎక్కించొద్దు, బైక్ మీద కూర్చోబెట్టొద్దు. గుండె రక్తనాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే మందు నొప్పి మొదలైన 12 గంటల లోపు పనిచేస్తుంది, మొదటి రెండు మూడు గంటల్లో ఇచ్చినదానికీ చివర్లో ఇచ్చినదానికీ చాలా తేడా.

నీళ్లలో మునిగినవాళ్లను ఒడ్డుకు తెచ్చి పొట్ట నొక్కితే నీళ్లు చిమ్ముతాయి, లేచి కూర్చుంటారు. మా గోదావరి రేవుల్లో అందరూ ఇదే చేస్తారు. కరెక్టేనా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

కాదు. మీ ఊళ్లో ఈ మాట పదిమందికీ చెప్పండి. పొట్టలో ఉన్నవి మింగిన నీళ్లు, వాటివల్ల ప్రాణం పోదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే నీళ్లు మనం అనుకున్నంత ఉండవు, నొక్కితే వచ్చేవీ కావు. పొట్ట నొక్కితే లోపలి అన్నం, నీళ్లు, ఆమ్లం పైకి ఎగదన్ని శ్వాసనాళంలోకి జారతాయి. అసలే ఊపిరి లేని మనిషికి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. తలకిందులుగా పట్టుకుని తిప్పడం, భుజాన వేసుకుని పరిగెత్తడం కూడా ఇలాంటివే.

మునిగిన మనిషికి గుండె ఆగేది గాలి అందక. అందుకని ఇక్కడ ముందు ఊపిరి ఊదాలి. నుదురు వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఒక సెకను పాటు ఊదండి, ఛాతీ లేచిందో లేదో చూడండి. లేవకపోతే తల సరిచేసి మళ్లీ. ఇలా రెండు నుంచి అయిదు ఊపిరులు ఇచ్చాక, 30 సార్లు ఛాతీ నొక్కి రెండుసార్లు ఊదే వరస పట్టుకోండి. నోట్లోంచి నురగ వస్తూనే ఉంటుంది, దాన్ని తుడుస్తూ కాలం పోగొట్టొద్దు. వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి.

మనిషి లేచి మాట్లాడినా ఇంటికి పంపొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావడానికి కొన్ని గంటలు పడుతుంది, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆసుపత్రిలో గమనించాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. మునిగిపోతున్న మనిషి సినిమాలోలాగా చేతులూపి "కాపాడండి" అని అరవడు. నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, ఊపిరి తీసుకోవడానికే వ్యవధి చాలదు, ఇక అరిచేదెక్కడ? చేతులు రెండు పక్కలా నీటిని కిందికి అదుముతుంటాయి, ఒళ్లు నిలువుగా ఉంటుంది, తల వెనక్కి వాలుతుంది. ఇది 20 నుంచి 60 సెకన్లలో అయిపోతుంది. పక్కనే స్నానం చేస్తున్నవాళ్లకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. మాటాపలుకూ లేకుండా నిలువుగా తేలుతున్న పిల్లవాణ్ని వెంటనే పేరు పెట్టి పిలవండి. ఈత వచ్చినా దూకొద్దు. చీర, పంచె, వెదురు గడ, గట్టిగా మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యాను, ఏదుంటే అది అందించండి. కాపాడబోయిన స్నేహితులు ఒకరి వెనక ఒకరు పోవడం మన రేవుల్లో ఏటా చూస్తున్నదే.

పాము కరిస్తే నోటితో విషం పీల్చేయడం, పైన గట్టిగా కట్టేయడం, కత్తితో కోయడం... వీటిలో ఏదైనా పనిచేస్తుందా?
– రైతు, అవనిగడ్డ

ఏదీ పనిచేయదు, మూడూ ప్రమాదమే. విషం గాటు దగ్గర గుంటలో నిలిచి ఉండదు, కోరలు దిగిన వెంటనే కండలోకి, రసనాళాల్లోకి పాకుతుంది. నోటితో పీలిస్తే వచ్చేది రక్తం, దానితో నోట్లోని సూక్ష్మక్రిములు గాయంలోకి చేరతాయి. మీ దివిసీమలో ఎక్కువగా కరిచే రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అలాంటప్పుడు బ్లేడుతో కోస్తే ఆ రక్తం ఆగదు. తాడుతో బిగించి కడితే కింది భాగానికి రక్తం అందక కుళ్లిపోయి, పాము తీయని కాలు ఆపరేషన్‌లో పోతుంది. ఎవరైనా ముందే కట్టేసి ఉంటే దారిలో విప్పొద్దు. ఒక్కసారిగా విప్పితే ఆగిన విషమంతా పైకి వస్తుంది, డాక్టరు మందు మొదలుపెట్టి దగ్గరుండి విప్పిస్తారు.

చేయాల్సింది: మెట్టెలు, కడియాలు, ఉంగరాలు, వాచీ, మొలతాడు తీసేయండి, వాపు వస్తే అవే కోస్తాయి. విరిగిన ఎముకకు కట్టినట్టు కర్రచెక్క పెట్టి, వేలు దూరేంత వదులుగా గుడ్డ చుట్టి కాలు కదలకుండా చేయండి. మోసుకెళ్లండి, నడిపించొద్దు. పామును వెతికి చంపడానికి ఒక్క నిమిషం కూడా వద్దు. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే కాబట్టి పామును పట్టుకొచ్చి చూపించాల్సిన పని లేదు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలిస్తే మీరే అడగగలరు. విషం రక్తాన్ని పాడుచేసిందో లేదో తెలియడానికి కొత్త, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసుకుని 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచి చూసినప్పుడు గడ్డకట్టకుండా జారితే పింజరి విషమే. సబ్బుతో కడిగిన గొట్టమైనా, ప్లాస్టిక్ గొట్టమైనా ఈ పరీక్ష తప్పు చూపిస్తుంది. విషం లక్షణాలుంటే సాధారణంగా విరుగుడు మందు 10 వయల్స్ (చిన్న సీసాలు) సెలైన్‌లో కలిపి సుమారు గంటలో ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే మోతాదు, ఎందుకంటే పాము పిల్లలకని విషం తగ్గించి ఎక్కించదు. మందు పడక దద్దుర్లు, ఆయాసం వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా ఉంచుకుంటారు.

కట్లపాము గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే తెర మీద పాముకాటు అంటే కాలు మీద రెండు చుక్కలు, నోట్లో నురగ, ఒళ్లు నీలం. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనపడకపోవచ్చు, వాపూ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతు పట్టేసినట్టు, కనురెప్పలు వాలిపోవడం. "నిద్రమత్తు" అనుకునేలోపు ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. అలా రెప్పలు వాలిన మనిషిని వెంటిలేటర్ ఉన్న చోటికే చేర్చాలి. నేల మీద పడుకోక తప్పనివాళ్లు దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే ఈ కాట్లు చాలావరకు తప్పుతాయి.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సగటున ఏడాదికి 58 వేల మంది చనిపోయారని అంచనా. వీరిలో ఎక్కువమంది పల్లెల్లో, ఆసుపత్రికి చేరకముందే పోయినవాళ్లు.

ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాలు పెడితే తగ్గడం కళ్లారా చూశాను. మీరేమో కాదంటారు.
– పాఠకుడు, నల్లగొండ

తగ్గడం నిజమే, తాళాల వల్ల కాదు. చాలా ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. తాళాలు వెతికి తెచ్చి పెట్టేసరికి ఆ సమయం అయిపోతుంది. చేయాల్సింది తల కింద మెత్తటి గుడ్డ పెట్టడం, పక్కకు తిప్పడం, గడియారం చూడడం. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏమీ పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108. వీలైతే ఫోన్‌లో అరనిమిషం వీడియో తీయండి, డాక్టరుకు మీ వర్ణన కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

తలకు దెబ్బ తగిలితే గతం మర్చిపోవడం, మళ్లీ దెబ్బ తగిలితే గుర్తురావడం సాధ్యమా?
– ఉపాధ్యాయిని, అనంతపురం

రెండో దెబ్బ మెదడుకు ఇంకో గాయం, అంతే. తలకు దెబ్బ తగిలినవాళ్లు మర్చిపోయేది సాధారణంగా ఆ ప్రమాదాన్ని, దానికి కాస్త ముందూ వెనకా జరిగినదాన్ని. అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. తన పేరు, అమ్మానాన్నలు చివరిదాకా నిలిచే జ్ఞాపకాలు. మిగతావన్నీ బాగుండి పేరొక్కటే పోయిందంటే కారణం చాలాసార్లు మానసికమైన దెబ్బ.

మాకు దీనికన్నా ఎక్కువ భయం వేరే సన్నివేశంతో. హీరో తల మీద రాడ్డుతో కొడితే స్పృహ తప్పుతాడు, గంట తర్వాత లేచి తల విదిలించుకుని ఫైటింగ్‌కు వెళ్తాడు. కొన్ని నిమిషాల స్పృహ తప్పడం కూడా సీటీ స్కాన్ తీయించాల్సిన విషయమే. కణత దగ్గర ఎముక పలుచన, దాని లోపలి పక్కనే రక్తనాళం ఉంటుంది. అది చిట్లితే మనిషి లేచి మాట్లాడి, "నాకేం కాలేదు" అని ఇంటికెళ్లి, కొన్ని గంటలకు మత్తులోకి జారిపోతాడు. సమయానికి ఆపరేషన్ జరిగితే ఈ మనిషి పూర్తిగా బాగుపడతాడు, అందుకే పోగొట్టుకుంటే ఎక్కువ బాధ. తల దెబ్బ తర్వాత 24 గంటలు మనిషిని ఒంటరిగా ఉంచొద్దు. ఒకటికి మించి వాంతులు, పెరిగే తలనొప్పి, లేపితే లేవని మత్తు, ఒక కంటిపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో నీరు కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే బయల్దేరండి. రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లకు, 65 దాటినవాళ్లకు ఇవేవీ లేకపోయినా చూపించాల్సిందే.

పక్క మంచం మీద పడుకుని తమ్ముడు అన్నకు నేరుగా రక్తం ఇవ్వొచ్చా?
– పాఠకురాలు, ఖమ్మం

ఇవ్వరు. తీసిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేసి, రోగి రక్తంతో కలిపి సరిపోతుందో చూశాకే ఎక్కిస్తారు. పైగా సొంత తోబుట్టువుల రక్తం మంచిదన్నది అపోహ. దగ్గరి బంధువు రక్తంలోని తెల్లకణాలను రోగి శరీరం పరాయివని గుర్తించలేకపోవచ్చు, అవి లోపల స్థిరపడి రోగి కణాల మీదే దాడి చేస్తాయి. అరుదే కానీ, వస్తే బతకడం కష్టం. అందుకే తప్పనిసరైతే ఆ రక్తాన్ని ముందు రేడియేషన్‌తో శుద్ధి చేస్తారు. తమ్ముడు రక్తనిధిలో ఇస్తే సరిపోతుంది: 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే 350 మి.లీ. తీసుకుంటారు.

"తల్లి కావాలా, బిడ్డ కావాలా?" అని డాక్టర్లు నిజంగా అడుగుతారా?
– పాఠకురాలు, శ్రీకాకుళం

అడగరు. సంతకం తీసుకునేది ఆపరేషన్‌కూ మత్తుకూ. వైద్యం ఇద్దరినీ బతికించడానికే జరుగుతుంది, ఎప్పుడూ తల్లి పరిస్థితిని ముందు చక్కదిద్దుతారు, బిడ్డకు మేలు జరిగే దారి కూడా అదే. ఈ ప్రశ్నను ఊహించుకుని భర్తలు, అత్తగార్లు ఆసుపత్రికి రావడానికే భయపడడం చూస్తుంటాం, ఆ భయం వదిలేయండి. తొలి కాన్పు తెర మీదలాగా అయిదు నిమిషాల్లో అవదు, 12 గంటలు దాటడం మామూలే. ఉమ్మనీరు పోతే టైము రాసుకోండి. రంగు ఆకుపచ్చగా ఉంటే వెంటనే బయల్దేరండి.

రోడ్డు ప్రమాదంలో ఉన్నవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తే "పోలీసు కేసు, ముందు ఎఫ్ఐఆర్ తెండి" అంటారని భయం. ఏం చేయాలి?
– ఆటో డ్రైవర్, విజయవాడ

ఈ డైలాగుకు చట్టంలో చోటు లేకుండా పోయి చాలా ఏళ్లయింది. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులోనే చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా తొలి వైద్యం చేయాలి, మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలపాల్సిన గాయమన్న నమోదు) రాసుకుని పోలీసులకు కబురు పెట్టుకోవడం వాళ్ల పని. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు, చిరునామా చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు, డబ్బు కట్టమని ఆపకూడదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత వైద్యం పథకం కూడా ఉంది.

దెబ్బ తిన్న మనిషికి తెర మీద అందరూ ముందు నీళ్లు పడతారు. వద్దు. స్పృహ సరిగా లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్ చేయాల్సి వస్తే కడుపు నిండి ఉండడం ఇంకో ప్రమాదం. ఒంట్లో దిగిన ఊచో, కత్తో, గాజుముక్కో ఉంటే పీకొద్దు, రక్తనాళాన్ని ఆ క్షణంలో అదే మూసి ఉంచుతుంది. దాని చుట్టూ గుడ్డలు పేర్చి కదలకుండా పట్టుకోండి. రక్తం కారుతుంటే తుండుగుడ్డ మడతపెట్టి అరచేత్తో పది నిమిషాలు వదలకుండా అదమండి, మధ్యమధ్యలో తీసి చూడొద్దు. చేతులూ కాళ్లూ తలో దిక్కు పట్టి ఆటోలోకి ఎత్తేస్తే విరిగిన మెడ దగ్గర వెన్నుపాము నలుగుతుంది. బండికి నిప్పు అంటుకోవడం లాంటి ముప్పు లేకపోతే 108 వచ్చేదాకా తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా పట్టుకోండి. తప్పక ఎత్తాల్సి వస్తే నలుగురు ఒకేసారి, పలక మీదకి జరిపి ఎత్తాలి.

ఆసుపత్రి గుమ్మం దగ్గర మీరు చెప్పాల్సినవి నాలుగే: ప్రమాదం ఎన్ని గంటలకు జరిగింది, మనిషి మధ్యలో స్పృహ తప్పాడా, వాంతి అయిందా, ఏ వాహనం ఎలా గుద్దింది. అవి చెప్పేసి మీరు వెళ్లిపోవచ్చు.